కంఠసర్పికి గడి లేదు

మనవరాలు నోరు తెరవగానే ఆసుపత్రి పెద్ద సిస్టరు వంగి చూసింది. టార్చి వెలుగులో, గొంతు లోపల బూడిదరంగు పొర. దూదిపుల్లతో తాకితే ఊడి రాలేదు, నెత్తురు చిమ్మింది.

"టాన్సిల్సేనా అత్తయ్యా?" అంది కోడలు, పాప కాళ్లు పట్టుకుని.

"కంఠసర్పి."

"అదేంటి, పాము పేరులా ఉంది. ఎప్పుడూ వినలేదే."

ఎలా వింటుంది? ఆ ఆసుపత్రిలో ఇరవై ఏళ్లుగా ఎవరూ ఆ మాట అనలేదు, డిఫ్తీరియా అని కూడా. వారం వారం పైకి పంపే రిపోర్టులో కొత్త కొత్త జ్వరాలకు చోటు చాలక, దాని గడి తీసేశారు కూడా.

పెద్ద సిస్టరు మందుల గిడ్డంగికి ఫోన్ చేసింది. ఆ జబ్బు విషానికి విరుగుడు సీరం ఒక్కటే. పొర ఊపిరికి అడ్డం పడేలోపే ఎక్కించాలి.

"నా దగ్గరే కాదమ్మా, చుట్టుపక్కల ఎక్కడా లేదు," అన్నాడు గుమాస్తా. "కేసుందని రాస్తేనే కదా తెప్పించేది. మీ దగ్గర్నుంచి ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు రాసి పంపండి, ఎల్లుండికి వచ్చేస్తుంది."

ఎల్లుండి. ఆమె ఫోన్ పెట్టేసి పాపను ఒళ్లోకి తీసుకుంది.

మూడు వారాల కిందట తాపీమేస్త్రి కూతురి గొంతులో ఇదే పొర చూసింది. పేరు నోటిదాకా వచ్చింది. "సిస్టర్, మీరు మరీ తాతల కాలం జబ్బులు తవ్వుతారు," అని కుర్ర డాక్టరు నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది. రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది, ఇప్పుడీ తలనొప్పి ఎందుకనుకుంది. గడి లేదు కాబట్టి 'ఇతరములు' కింద ఒకటి వేసి సంతకం పెట్టింది. ఆ పిల్ల మూడోనాడు పోయింది.

"బళ్లో పాప పక్కన కూర్చునే పిల్ల ఇక్కడే పోయింది కదా," అంది కోడలు నెమ్మదిగా. "మేస్త్రి గారమ్మాయి. జ్వరమన్నారు మీరు."

పెద్ద సిస్టరు పాప నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది.

"అత్తయ్యా, అదీ ఇదేనా?"

"ఇదే."

"మీకప్పుడే తెలుసా?"

"తెలుసు."

కోడలు పాపను అత్తగారి ఒళ్లోంచి తీసుకుని గోడ పక్క మంచం మీదికి వెళ్లి కూర్చుంది.

పెద్ద సిస్టరు స్కేలు పెట్టి రిపోర్టు అడుగున ఒక గడి గీసింది. కంఠసర్పి అని రాసి, పక్కన రెండు వేసింది. వెనక పాప ఊపిరి, మొద్దు రంపంతో చెక్క కోస్తున్నట్టు, ఆగి ఆగి వస్తోంది.