ఆరువందల వాక్యాలు

పొద్దున ఆరున్నరకు వంటింట్లోంచి ఎవరో పరాయి ఆడమనిషి, "దయచేసి నిద్ర లేవగలరా?" అని అడిగేసరికి అతను మంచం మీంచి పడ్డంత పనైంది.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, అతనూ అక్కా. అక్కకి మూడేళ్ళుగా గొంతు లేదు. పుండు లేచిందని డాక్టర్లు స్వరపేటికంతా తీసేసి, మెడ మీద ఊపిరికో రంధ్రం మిగిల్చారు. ఏం చెప్పాలన్నా అక్క ఫోన్లో కొడుతుంది, ఫోను పలుకుతుంది. పలికేది అక్క గొంతుతోనే. ఆ ఏర్పాటు చేసింది తమ్ముడు. రోజూ అతన్ని లేపే మాట ఒకటే: "లేవరా మొద్దూ, పొద్దెక్కింది."

అతను వంటింట్లోకి పరిగెత్తాడు. పాలగిన్నెలో బల్లి పడితే చూసినట్టు అక్క ఫోను వంక చూస్తోంది. మళ్ళీ ఏదో కొట్టి తెర అతనికేసి తిప్పింది. తెర మీద 'లేవరా మొద్దూ, ఇదెవత్తి?' అని ఉంది. ఫోను మాత్రం తియ్యగా, "దయచేసి నిద్ర లేవగలరా? వీరు ఎవరు?" అంది.

విమానం నాలుగు గంటలు ఆలస్యమని నవ్వుతూ చెప్పే గొంతు అది. అక్క మొహం పాలిపోయింది. పది గంటలకి ఆమె పనిచేసే నేతమిల్లులో విచారణ ఉంది. మగ్గాల షెడ్డులో దుమ్ము లాగే ఫ్యాన్లు నాలుగు నెలలుగా ఆగిపోయాయి. ఆడవాళ్ళు దూది మింగుతూ, దగ్గుతూ పనిచేస్తున్నారు. మేనేజరేమో అన్నీ తిరుగుతున్నాయని రాసిచ్చాడు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి అది అబద్ధమని చెప్పాల్సింది అక్క. మిల్లులో ఆమెకి 'సైరన్' అని పేరు. గొంతున్న రోజుల్లో ఆమె గేటు దగ్గర అరిస్తే మూడో షెడ్డులో వాళ్ళు తలలెత్తేవాళ్ళు.

"కంగారు పడకక్కా. ఏదో సెట్టింగు మారుంటుంది. పది నిమిషాలివ్వు" అని అతను ల్యాప్‌టాప్ తెరిచాడు.

ఇక్కడ అతని సంగతి కాస్త చెప్పాలి. పదకొండేళ్ళుగా అతని పని ఊరి కంపెనీల కంప్యూటర్లన్నీ ఖాళీ చేయించి, సరుకంతా క్లౌడు మీదికి ఎక్కించడం. నమ్మకంగా చేసేవాడు. మీ గదిలో కంప్యూటరు డబ్బా కాలిపోతుంది, క్లౌడు కాలదు అనేవాడు. మీరు మర్చిపోతారు, అది మర్చిపోదు అనేవాడు. ఆఫీసులో అతన్ని 'చీపురు' అని పిలిచేవాళ్ళు. అక్కర్లేని ఫైలు ఒక్కటి కనిపించినా చేతులు దురదపెట్టే రకం మరి.

మెయిలు వెతికాడు. దొరికింది. ఆ సంస్థ మూడు నెలల్లో నాలుగుసార్లు రాసింది. ఇలాంటి ప్రకటనలు రోజుకి ముప్ఫై వస్తాయని, అవి కళ్ళబడకుండా వేరే అరలోకి పోయేలా అతనే ఏర్పాటు చేసుకున్నాడు. చదివాడు. 'మా పాత స్వర యంత్రం ఈ నెలాఖరుతో విరమించబడుతోంది. మరింత సహజమైన, మరింత మర్యాదగల కొత్త యంత్రం మీ కోసం సిద్ధంగా ఉంది. సొంత స్వరం వాడుతున్నవారు అసలు రికార్డింగులు మళ్ళీ ఎక్కించాలి. ఎక్కించనివారికి మా స్వరాల్లో ఒకటి ఇవ్వబడుతుంది.'

ఇవ్వబడుతుందట! అద్దె ఇంటి యజమాని కూడా గోడకి సున్నం కొట్టించేముందు లోపలున్న మనిషినో మాట అడుగుతాడు. వీళ్ళు ఏకంగా మనిషి నోట్లో ఇంకో మనిషిని కాపురం పెట్టారు. పైగా మర్యాద! మొద్దు అంటే తప్పట. తిట్టుని తీసేసి దండం పెట్టిస్తుంది ఆ యంత్రం. ఆ మర్యాదని ఆపే మీట ఎక్కడుందో వెతికాడు. లేదు. సహాయం అనే చోట నొక్కితే ఇంకో యంత్రం పలకరించింది. 'మీ అసౌకర్యాన్ని అర్థం చేసుకోగలను' అంది. అతని పళ్ళు పటపటలాడాయి. ఊరూరా తిరిగి జనానికి తను అంటగట్టింది ఈ సరుకేనా?

అయినా ధైర్యం చెడలేదు. అసలు రికార్డింగులు ఉన్నాయిగా.

ఆపరేషనుకి ముందు రెండు వారాలు అక్క బట్టల బీరువాలో తల దూర్చి కూచుని చదివింది. బయటి చప్పుడు పడకూడదని దుప్పట్లు కప్పాడు అతను. మొత్తం ఆరువందల వాక్యాలు. మింగుడు పడని గొంతుతో, వాక్యానికో గుక్క నీళ్ళు తాగుతూ చదివింది. సగం సంస్థ ఇచ్చినవి. మిగతా సగం అక్క సొంతవి. తిట్లు, జోకులు, అమ్మ చిన్నప్పుడు తమని కేకేసే పద్ధతి, గేటు ముందు చేసే నినాదాలు. క్లౌడులో రెండు చోట్ల దాచాడు.

ఆ అర తెరిచాడు. సున్నా.

రెండో చోటు. సున్నా.

అలాంటి చోట ఎవరు ఏం చేశారో ప్రతి అడుగూ రాసి ఉంటుంది. ఆ చిట్టా తీశాడు. పద్నాలుగు నెలల కిందట, ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆరువందల ఫైళ్ళు రెండు చోట్లా చెరిపివేయబడ్డాయి. చెరిపినవారు అన్న చోట ఉన్నది అతని పేరే.

ఎలా అని నివ్వెరపోయాడు. తర్వాత చిట్టాలో, చెరిపిన అర పేరు కనిపించింది. 'టెస్ట్.'

ఈ వృత్తిలో ఉన్న ప్రతివాడికీ ఒక దరిద్రపు అలవాటు. ఏ పని మొదలుపెట్టినా ముందు 'టెస్ట్' అని పేరు పెడతాడు, సరిగ్గా కుదిరాక అసలు పేరు పెడదామనుకుంటాడు. కుదురుతుంది. పేరు మార్చడం మరిచిపోతాడు. లోకంలో సగం ముఖ్యమైన సరుకు అలా టెస్ట్ అనే పేరుతోనే బతుకుతోంది. అక్క గొంతు కూడా. ఆ మంగళవారం అతను రెండు వరసల ప్రోగ్రాము రాసి వదిలాడు. టెస్ట్ అని పేరున్న ప్రతి అరా, ఏడాదికి పైగా ఎవరూ ముట్టనిది, చెరిపెయ్యి. ఆ సాయంత్రం ఆఫీసులో అందరికీ చూపించి, చూశారా ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాడు కూడా!

అక్క అతని భుజం తట్టింది. తెర చూపించింది: 'ఏమైంది?' ఫోను "మీకు ఏదైనా సహాయం కావాలా?" అంది.

"ఆ కంపెనీ దొంగవెధవలు మార్చేశారక్కా. ఇవ్వాళ్టికి దీంతోనే సర్దుకుందాం. నేనూ వస్తాను నీతో" అన్నాడు. అబద్ధం కాదది. అలాగని నిజమూ కాదు.

మిల్లు ఆఫీసు గదిలో పొడుగాటి బల్ల వేశారు. ఒక కొసన ఇన్‌స్పెక్టరు, కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టుకున్న పెద్దమనిషి. అతని పక్కన మేనేజరు. ఎదురుగా అక్క, అక్క వెనక తమ్ముడు. గోడవారగా షెడ్డు ఆడవాళ్ళు ఎనిమిదిమంది నిలబడ్డారు. వాళ్ళకి ముందు నిలబడింది నూలు కండెలు చుట్టే ముసలామె. మిల్లంతా ఆమెని పెద్దమ్మ అంటారు.

"ఫ్యాన్లు రోజూ తిరుగుతున్నాయండీ. నేనే స్వయంగా చూస్తాను" అన్నాడు మేనేజరు.

అక్క గబగబా కొట్టింది. 'పచ్చి అబద్ధం. నాలుగు నెలలుగా ఒక్కటీ తిరగలేదు. ఈయన అబద్ధాలకోరు.'

"ఈ విషయంలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు" అంది ఫోను తియ్యగా. "ఫ్యాన్ల పనితీరు మరింత మెరుగుపడే అవకాశం ఉంది. సార్ గారి శ్రమకు ధన్యవాదాలు."

మేనేజరు మొహం వెలిగింది. "విన్నారుగా సార్! ఆవిడే ఒప్పుకుంటోంది. రాసుకోండి."

అక్క మళ్ళీ కొట్టింది, ఈసారి వేలు విరిగేట్టు. ఫోను మళ్ళీ ధన్యవాదాలు చెప్పింది. తమ్ముడు వంగి ఆ మీటా ఈ మీటా నొక్కుతున్నాడు. చెమట తెర మీద పడుతోంది. చెంపలు వాచేలా ఎవరో కొడుతున్నట్టుంది అతనికి. అక్క నోట్లోంచే మేనేజరుకి దండాలు పెట్టించాడు తను!

"తెరే చూసుకోండి సార్, అందులో సరిగ్గానే ఉంది" అన్నాడు.

"నాకీ అక్షరాలు ఆనవు బాబూ. ఆవిడ చెప్పేది వినాలి నేను" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అక్క తమ్ముడి చేతిలోంచి ఫోను లాక్కుని బల్ల మీద బోర్లా పెట్టింది. గోడవైపు తిరిగి పెదాలు కదిపింది. చప్పుడు లేదు, ఊపిరి కూడా లేదు. వట్టి పెదాలు.

"పచ్చి అబద్ధం అంటోంది" అంది పెద్దమ్మ ఖంగున. "చలికాలం మొదట్లో ఆగిన ఫ్యాన్లు ఇవ్వాళ్టికీ తిరగలేదట. మొదట నాలుగోది ఆగిందట, బెల్టు తెగి. బెల్టడిగితే ఈయన నవ్వాడట. ఈయన అబద్ధాలకోరట. ఇంకోటి కూడా అంటోంది, అది పెద్దవాళ్ళ ముందు నేననను."

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు.

"ఇదేం విచారణ సార్!" మేనేజరు లేచాడు. "నోరు కదపగానే ఈ ముసలామెకి ఎలా తెలిసిపోతుంది? ఇంటి దగ్గర బట్టీపట్టి వచ్చారు."

"నలభై మగ్గాల మధ్య నిలబడి చూడు నాయనా, తెలుస్తుంది" అంది పెద్దమ్మ. "పక్కనున్నది చెవిలో అరిచినా వినపడదు. ముప్ఫై ఏళ్ళుగా మేం పెదాలతోనే మాట్లాడుకుంటాం. అవతలి వరసలో ఉన్నదాని కోడలి గొడవంతా నాకిక్కణ్ణుంచే తెలుసు. నువ్వు ఆఫీసు అద్దం వెనక మమ్మల్ని ఏమంటావో కూడా తెలుసు."

మేనేజరు చెయ్యి అడ్డం పెట్టుకుని నోరు మూసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఒక చీటీ మీద ఏదో రాసి అక్కకి మాత్రమే చూపించాడు. అక్క చదివి, నవ్వాపుకుని, గోడవైపు పెదాలు కదిపింది.

ఎనిమిదిమందీ బడిపిల్లల్లా ఒక్క గొంతుతో అప్పజెప్పారు: "నా కళ్ళజోడు మీద మనవరాలు కూర్చుంది!"

ఇన్‌స్పెక్టరు చీటీ తిప్పి మేనేజరుకి చూపించాడు. తర్వాత లేచి, పదండి షెడ్డుకి అన్నాడు. అక్కడ నాలుగో ఫ్యాను రెక్క మీద వేలు పెడితే దూది చాపలా చుట్టుకుని ఊడి వచ్చింది. వీటిని రోజూ చూస్తున్నానన్నారే అని మాత్రం అడిగి, కాగితాల మీద సంతకాలు చేయించుకున్నాడు.

ఆడవాళ్ళు గేటు దగ్గర గోలగోలగా నవ్వుకుంటున్నారు. తమ్ముడు మాత్రం బల్ల మీంచి తెచ్చిన ఫోను జేబులో వేసుకుని పక్కన నిలబడ్డాడు. మూడేళ్ళు! ఎన్ని సెలవురోజులు ఆ ఫోను మీద తగలేశాడు! ఈ మనుషులకి దాని అవసరమే లేదు.

"పెద్దమ్మా, మరి ఇన్నాళ్ళూ ఆ ఫోనెందుకు పట్టుకు తిరిగింది?"

"నీకోసం రా" అంది పెద్దమ్మ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "షెడ్డులో ఫోను ఎప్పుడు తీసింది మీ అక్క? డబ్బాలో పెట్టి మూత వేస్తుంది. నువ్వు ఇంట్లో మీ అక్క మొహం చూస్తావా ఎప్పుడైనా? నీకు తెర కావాలాయె."

"అక్క గొంతు పోకూడదనే కదా నేను..."

"గొంతా! అది సైరన్ గొంతటరా? దుప్పట్లో చుట్టి మాట్లాడించినట్టుండేది. నువ్వు నొచ్చుకుంటావని ఎవరం అనలేదు. అసలు గొంతు నువ్వు దాచిపెట్టావని మీ అక్క చెప్పేది. ఆ బీరువాలో చదివినవట. ఎప్పటికైనా ధైర్యం తెచ్చుకుని ఒకరోజు అందరం కూచుని విందామని, ఇంకా ధైర్యం చాల్లేదనీ అనేది."

అతను అక్క అసలు గొంతుని గుర్తు తెచ్చుకోబోయాడు. చిన్నప్పటి కేక కోసం, గేటు ముందు అరుపు కోసం లోపల తడుముకున్నాడు. వినిపించింది ఫోను గొంతే. ఎంత వెనక్కి పోయినా అదే.

అక్క దగ్గరికొచ్చింది. ఆమె గెలుపు మొహం చూసి ఇక దాచలేకపోయాడు.

"అక్కా, అవి లేవు. కంపెనీవాళ్ళు కాదు. నేనే చెరిపేశాను, అవేమిటో చూసుకోకుండా. ఆరువందలూ. ఎక్కడా లేవు."

అక్క మెడ మీది రంధ్రానికి కప్పిన గుడ్డ ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది. పెదాలు కదిపింది.

అతను అలవాటుగా ఫోను తీసి ఇవ్వబోయాడు. అక్క ముట్టుకోలేదు. అతను పెద్దమ్మ వైపు తిరిగాడు.

"నేను చెప్పను. నీ అక్కేగా, నువ్వే చూడు" అంది పెద్దమ్మ.

అక్క రెండోసారి అంది. అతను చూశాడు. కింది పెదవి మీద చిన్న మచ్చ ఉంది. అది ఎప్పట్నుంచి ఉందో అతనికి తెలియదు. మాట అందలేదు. మూడోసారి మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి అంది.

"ఏం... చదివాను... అందులో?" అన్నాడు అతను. "అంతేనా? ఏం చదివావో చెప్పమంటున్నావా?"

అక్క తలూపింది.

అక్కడే, గేటు ముందు, ఎండలో మొదలుపెట్టాడు. మొదటిది సంస్థ ఇచ్చిన వాక్యం, వానలో తడిసిన గొడుగు గురించి. రెండోది తనని బడికి లేపే తిట్టు. మూడోది, అప్పట్లో చదువుతూ అక్క దగ్గితే మళ్ళీ చదివించినది. అమ్మ కేక ఒకటి. మగ్గం ఆగితే అనే మాట ఒకటి. ఒక్కొక్కటి చెబుతుంటే అక్క వేలు మడుస్తోంది. ఆడవాళ్ళు చుట్టూ మూగి, ఊపిరి బిగబట్టి వింటున్నారు. పదకొండు చెప్పాడు. పన్నెండు కోసం నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. కళ్ళు మూసుకుని బీరువాని, దుప్పట్లని, నీళ్ళ గ్లాసుని తలుచుకున్నాడు. అన్నీ కనిపిస్తున్నాయి, మాటే లేదు.

"అంతే అక్కా" అన్నాడు.

అక్క ఒప్పుకోలేదు. మడవని వేలు అలాగే పట్టుకుని, అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.