పసుపు పట్టని పలక

బుస్స్‌మని ఒక చప్పుడు. నా బతుకులో మొదటిది అదే.

రెండు వేడి ఇనుప దిమ్మెల నడుమ నన్ను పెట్టి అదిమినప్పుడు పక్కల నుంచి జిగురు పొంగి బుసకొట్టింది. అప్పటికి నాకు చూపు లేదు. వెలుతురు ఎరగను, రంగు ఎరగను; వినికిడి ఒక్కటే పుట్టింది. ఆ బుస ఆగాక మనుషుల గొంతులు వినిపించాయి.

"సాల్లేరా, తియ్యి. ఈ పూటకి ఇంకో రెండు స్తంభాలు పొయ్యాల."

"గురూ, ఇంకా ఆరనేదు. లోపల మెత్తగుంది."

"లోపలెవుడు సూత్తాడ్రా? పెళ్ళి ఏనుగుని ఎవుడైనా కోసి సూసినాడేటి?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుల నడుమ నేను లోకంలోకి వచ్చాను.

నేను ఒక స్కీని. మంచు వాలు మీద జారడానికి కాలికి బిగించుకునే పొడవాటి పలకను. ఒక జోడులో ఎడమదాన్ని. మాలో జాతులు అనేకం. కొన్ని తిన్నగా పరుగెత్తడానికే పుడతాయి, కొన్ని కొండలెక్కడానికి. నాది గెంతే జాతి, ఫ్రీస్టైల్ అంటారు. మంచు దిబ్బ మీది నుంచి గాలిలోకి లేవాలి, గిర్రున తిరగాలి, వీపు ముందుకు పెట్టి నేలకు దిగాలి, మంచులో పాతిన ఇనుప గొట్టం మీద అడ్డంగా జారాలి. వెనక్కి దిగినా మంచులో గుచ్చుకోకుండా మాకు రెండు కొసలూ పైకి వంగి ఉంటాయి. చూసినవాళ్ళు రెండు తలల పాము అంటారు. నా విషయంలో ఆ మాటకు వేరే అర్థం కూడా చెప్పుకోవచ్చు.

నేను పుట్టిన షెడ్డు సముద్రపు ఒడ్డున, ఒక పారిశ్రామికవాడలో ఉంది. అక్కడివాళ్ళకు మంచు అంటే చేపల బుట్టలో వేసే ఐసు ముక్క. ఆ షెడ్డులో పెళ్ళి మండపాలకు ఫైబర్ స్తంభాలు పోస్తారు, తొండమెత్తిన ఏనుగులను చేస్తారు, పురివిప్పిన నెమళ్ళను చేస్తారు. చేయి తిరిగిన పనివాళ్ళు. ఒక్క రాత్రి నిలబడి, ఫోటోలో బాగా పడి, తెల్లవారి లారీ ఎక్కే వస్తువులు వాళ్ళవి. అటువంటి చేతులకు, ఒక మనిషి ప్రాణం మోసే వస్తువును అప్పగించారు. ఏనుగును చూస్తారు; నన్ను తొక్కుతారు. ఆ తేడా వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

స్కీకి వెన్నెముక చెక్క. నాకు పక్కన కనబడేచోట మాత్రం సన్నని చెక్క పట్టీ వేసి, నడుమంతా నురుగు నింపారు. అంచున దళసరి ఉక్కు ఉండాలి. నాకు తలుపు మూలకు కొట్టే రేకంత పలచనిది తగిలించారు. బూటును పట్టే బిగింపుల మరలు దిగేచోట లోపల గట్టి బిళ్ళ ఉండాలి. నాలో ఆ చోట ఉన్నదీ నురుగే. ఇవన్నీ నాలో లేవని నాకు అప్పుడు తెలియదు. ఉండవలసినవి ఏమిటో తరువాత ఒక మనిషి నోట విన్నాను. ఆ మనిషి సంగతికే వస్తున్నాను.

ఆఖరున పైన బొమ్మ అతికించారు. రెక్కలు చాచిన గద్ద. ఒక రెక్క నా మీద, ఒక రెక్క నా జోడు మీద. నా వంతుకు ఒక కన్ను వచ్చింది. ఆ కంటితో మొదట చూసింది నా జోడునే. పైకి ఇద్దరం అచ్చుగుద్దినట్టున్నాం. లోపల దానికి జిగురు ఎక్కువై బిర్రెక్కింది, నాకు తక్కువై మెత్తబడింది. జాతకాలు చూడకుండా ముడిపెట్టిన జంట మాది. పైన పటారం, లోన లొటారం. గద్ద మాత్రం అద్భుతంగా ఉంది.

మమ్మల్ని హిమాలయాల్లోని ఒక శిక్షణ శిబిరానికి చేర్చారు. నడిపేది మా రాష్ట్రపు మంచు క్రీడల సంఘం. మంచు పడని రాష్ట్రానికి అటువంటి సంఘం ఉండటం మనుషుల చమత్కారాల్లో ఒకటి. ఆ సంఘం కార్యదర్శి బావమరిదిదే నేను పుట్టిన షెడ్డు. కార్యదర్శి అట్టపెట్టె విప్పుతూ "ఫారిన్ సరుకు" అని ప్రకటించాడు. నేను ఉలిక్కిపడ్డాను.

నన్ను అందుకున్న పిల్ల పేరు గెమ్మెలి రాధామణి. పాడేరు కొండల్లోని ఆశ్రమ పాఠశాలలో చదివి, పర్వతారోహణ శిక్షణకని బయలుదేరి, దారిలో మంచును చూసి అక్కడే మనసు పారేసుకున్న పిల్ల. అంతవరకూ అరువు స్కీలతోనే నేర్చుకుంది. తనవంటూ చేతికొచ్చినవి మేమే. ఆ నెలాఖరున ఎంపిక పోటీ. గెలిస్తే జాతీయ శిక్షణకు వెళుతుంది. ఓడితే సంఘం ఇక ఆమెను పంపదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నన్ను పట్టుకున్న వేళ్ళలో ఆ సంగతి నాకూ తెలిసింది.

కొత్త బండికి చేసినట్టే మాకు పూజ చేసింది. కొస మీద కుంకుమ బొట్టు పెట్టింది, కింద నిమ్మకాయ పెట్టి తొక్కించింది. ఇక అడుగుకు మైనం పట్టించాలి. స్కీ అడుగు మైనం తాగితేనే మంచు మీద జారుతుంది. రాధామణి ఆ మైనంలో చిటికెడు పసుపు కలిపి, ఇస్త్రీపెట్టెతో కరిగించి, నా అడుగున రాసింది. అరువు తెచ్చుకున్న పాత స్కీలకూ అలాగే చేసేదట. ఆ పసుపు ఏడాదంతా వాటి అడుగున నిలిచేదట. ఆరాక బద్దతో గీకింది. పసుపంతా పెళుసుగా లేచి ఊడిపోయింది. అడుగు చుక్క మైనమైనా తాగకుండా నున్నగా, పుట్టినప్పటిలాగే ఉంది.

"ఓలమ్మో! పసుపు రాయనీదేటే నీ స్కీ? పెళ్ళొద్దని మొండికేసిన పిల్లనాగుంది" అంది స్నేహితురాలు తవిటమ్మ.

"నునుపెక్కువే, అందుకే అంటనేదు. ఫారిన్‌ది కదేటి" అంది రాధామణి మురిపెంగా.

అప్పుడే మాస్టారు వచ్చారు. సిక్కోలు వైపు మనిషి. పట్టాళంలో సగం జీవితం మంచు కొండల మీదే గడిపి, ఇప్పుడు ఈ పిల్లలకు స్కీయింగ్ నేర్పుతున్నారు. చెక్క వెన్నెముక గురించి, దళసరి అంచు గురించి, మరల కింది బిళ్ళ గురించి రోజూ పాఠం చెప్పే గొంతు ఆయనదే. ఆయన వంగి పసుపు పొట్టును వేలితో తాకారు. నా అడుగును బొటనవేలితో నిమిరారు. తరువాత నన్నూ నా జోడునూ అడుగుకు అడుగు చేర్చి రెండు చేతులతో నొక్కారు. నేను వెంటనే లొంగాను; నా జోడు లొంగలేదు. ఆయన చేతులు ఆగిపోయాయి.

ఆ క్షణంలో నాకు ప్రాణం లేచివచ్చింది. ఇదిగో, నన్ను తెలుసుకున్న మనిషి! ఇప్పుడు చెబుతాడు, నన్ను తిప్పి పంపుతాడు, ఈ పిల్ల బతికిపోతుంది.

"ఎలగున్నాయి మాస్టారూ?" అంది రాధామణి.

గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డ కార్యదర్శి నవ్వాడు. "చెప్పండి మాస్టారూ. బాగోకపోతే వెనక్కి పంపేద్దాం. మళ్ళీ కొత్తవి వచ్చేదాకా క్యాంపు మూసేసి అందరం ఇళ్ళకు పోదాం. మీరు కూడా."

మాస్టారు పిల్లల వైపు చూశారు. కొండ వైపు చూశారు. నా వైపు చూడలేదు.

"బాగున్నాయి" అన్నారు.

ఒక్క మాట. షెడ్డులో నన్ను నురుగుతో నింపినవాళ్ళకు మంచు తెలియదు, ఈయనకు తెలుసు. అందుకే ఆ మాట నాకు నురుగుకంటే డొల్లగా వినిపించింది.

మరునాటి నుంచి అభ్యాసం. నేను ఎక్కడ వంగకూడదో అక్కడ వంగేదాన్ని; నా జోడు ఎక్కడ వంగాలో అక్కడ బిగిసేది. గాలిలో ఆమె ఎంత అందంగా తిరిగినా, దిగేసరికి ఎడమ పక్కకు లాగేసేదాన్ని.

"ఎడంది నా మాట ఇనట్నేదు మాస్టారూ."

"స్కీది కాదే తప్పు, కాలుది. మోకాలు వంచు."

ఆమె వంచింది. మోకాలు వాచేదాకా వంచింది. మాస్టారు చెప్పాక ఇక వేరే తప్పు వెతకడం ఆమెకు చేతకాదు. అందరూ పోయాక ఒంటరిగా మళ్ళీ దిబ్బ ఎక్కేది, మళ్ళీ పడేది, లేచి తన కాలినే తిట్టుకునేది. నన్ను మాత్రం ఏమీ అనేది కాదు. శాలువా కొంగుతో తుడుస్తూ, "ఎక్కడో పైదేశం నుంచి వచ్చినావు. మా మాట నీకు అర్థమవదేటి?" అని బుజ్జగించేది. నేను పుట్టిన షెడ్డుకూ ఆమె పుట్టిన కొండకూ నడుమ ఒక పూట బస్సు ప్రయాణం. ఆమె మాట నాకు అక్షరం అక్షరం అర్థమయ్యేది. జవాబు చెప్పడానికే నోరు లేదు. నాకున్నది ఒక కన్ను, ఒక గద్ద ముక్కు.

పోటీ రోజు ఎండ కాసింది. రాధామణి మొదటి దిబ్బ మీది నుంచి లేచి, తిరిగి, వెనుదిరిగి దిగింది. నేను లాగాను, ఆమె అలవాటుగా సర్దుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ కొన్ని క్షణాలు నేను నిజంగా గద్దనేమో అనుకున్నాను. తరువాత ఇనుప గొట్టం. ఆమె ఎగిరి దాని మీద అడ్డంగా నిలిచింది. నా అంచు గొట్టాన్ని ఒరుసుకుంది. రేకు లేచింది, చీలింది, గొట్టానికి చిక్కుకుంది. ఆమె బరువంతా నా నడుము మీద పడింది. మరలు నురుగులోంచి మొక్క వేళ్ళు ఊడినట్టు ఊడివచ్చాయి. బిగింపుతో సహా బూటు నన్ను వదిలి పోయింది.

ఆమె మణికట్టు విరిగిన చప్పుడు నేను విన్నాను. నా నడుము విరిగిన చప్పుడులో అది కలిసిపోయింది, ఇంకెవరూ వినలేదు.

తవిటమ్మ పరుగున వచ్చేసరికి రాధామణి మంచులో కూర్చుని, మంచి చేత్తో నా కడుపులోంచి రాలిన తెల్లని ముక్కను పట్టుకుని చూస్తోంది. మంచు మీద అది మంచులాగే ఉంది. వేళ్ళ మధ్య నలిపితే కరగలేదు, పొడి అయింది.

"ఇది కర్ర కాదే" అంది మెల్లగా. ఏడవలేదు. దూరంగా నిలబడ్డ మాస్టారు వైపు తలెత్తి చూసింది. ఆయన అప్పటికే కొండ వైపు తిరిగి ఉన్నారు.

ఇప్పుడు నేనుంటున్నది శిబిరం వెనుక పాత సామాన్ల గది. విరిగిన కుర్చీలు, తుప్పుపట్టిన పొయ్యి, నేను. నా జోడు మరో మూల ఉంది. ఇప్పటికీ బిర్రుగానే ఉంది. ఇక్కడికి రాకముందు ఒక మధ్యాహ్నం నన్ను శిబిరం హాల్లో బల్ల మీద పడుకోబెట్టారు. నా బతుకులో మిగిలిన కథ అంతే.

బల్లకు అవతల సంఘం అధ్యక్షుడు, పక్కన కార్యదర్శి, గోడవారగా మాస్టారు. ఇవతల కట్టు కట్టిన చేయితో రాధామణి, ఆమె వెనుక తవిటమ్మ.

"చూడమ్మా," అన్నాడు అధ్యక్షుడు, "వస్తువు లోపమైతే నీకు మరో అవకాశం ఇస్తాం. వాడటం చేతగాక విరగ్గొట్టావంటే మాత్రం ఇక పంపలేం. ఏది నిజం?"

కార్యదర్శి అందుకున్నాడు. "ఫారిన్ సరుకండీ. కొండపిల్ల, మేకలెంట గెంతినట్టు గెంతింది. స్కీ ఏం చేస్తుంది పాపం?"

"మేకలైతే విరగవు బాబూ, వాటిలో ఎముకలుంటాయి" అంది తవిటమ్మ. అధ్యక్షుడు నా చీలిన కడుపు వైపు చూసి, నవ్వు ఆపుకున్నాడు.

"పోటీకి ముందు వీటిని ఎవరూ పరీక్షించలేదా?"

రాధామణి మాస్టారు వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. ఇంకా ఆశ ఉంది. "మీరే సెప్పండి మాస్టారూ. మీరు సెప్తే సాలు."

మాస్టారు గోడను వదిలి ఒక అడుగు ముందుకు వేశారు. నేను మళ్ళీ ఆశపడ్డాను. పలకలకు సిగ్గుండదు.

"పిల్ల తొందరపడింది సార్" అన్నారు ఆయన, నేల చూస్తూ. "మోకాలు వంచమని సెప్తూనే ఉన్నాను. వంచనేదు."

రాధామణి తన మోకాలి వైపు చూసుకుంది. వాపు ఇంకా తగ్గలేదు. ఆ చూపులో ఒక్కొక్కటే కూలిపోవడం నా ఒంటి కంటికి కనిపించింది: ఎక్కిన దిబ్బలు, తిట్టుకున్న కాలు, నేర్చుకున్న పాఠం.

"స్కీలు బాగున్నాయని ఒకరన్నారు" అంది చివరికి.

"ఎవరు?"

"మాస్టారు."

"ఈ శిబిరంలో ముగ్గురు మాస్టార్లున్నారమ్మా. రాసుకోవాలి, పేరు చెప్పు."

ఆమె పెదవులు కదిలి ఆగాయి. చదువు చెప్పినవాళ్ళ పేరు నోట పలికితే ఆ చదువు తిరిగి వాళ్ళకే పోతుందని ఆమె ఊళ్ళో అంటారు. తల్లి పేరు చెబుతారు, దేవత పేరు చెబుతారు, గురువు పేరు చెప్పరు. చెప్పక తప్పకపోతే ఇంకొకరి చేత చెప్పిస్తారు. తవిటమ్మ ముందుకు వంగి, "నాను సెప్పనా?" అంది. రాధామణి వద్దని తల ఊపింది.

"రాధామణీ," అన్నారు మాస్టారు. అడగడానికి ఆయనకు ఏమీ మిగలలేదు.

ఆమె కుర్చీలోంచి లేచింది. వాచిన మోకాలిని నిటారుగా నిలిపింది. ఆయన కళ్ళలోకే చూస్తూ, తడబడకుండా, హాలు చివర ఉన్నవాళ్ళకు కూడా వినబడేటట్టు అంది:

"బొమ్మాళి కూర్మారావు."