మోకాళ్ల డాక్టరుగారి ఛానెల్

కోడలూ, ఆడపడుచూ కలిసి వ్యాపారం పెడతామంటే అత్తగారు ముక్కున వేలేసుకుంది. "కూరలో ఉప్పెంతో కుదరదు మీ ఇద్దరికీ, వ్యాపారం కుదురుతుందా?" అంది. కానీ కుదిరింది. ఆడపడుచు బుల్లికి కెమెరాలూ కంప్యూటర్లూ కొట్టిన పిండి. కోడలిది నోటి బలం. పదేళ్లపాటు దుకాణంలో నిలబడి పరుపులమ్మింది. పరుపు అమ్మినదాన్ని ఛానెల్ అమ్మలేనా అనుకుంది.

అడిగినవాళ్లకు సొంత టీవీ ఛానెల్ పెట్టివ్వడం వాళ్ల పని. వీడియోలు తీయడం దగ్గర్నుంచి, నెట్ ద్వారా జనం ఇళ్లలో టీవీలకు చేర్చడం దాకా అన్నీ వాళ్లే చూసుకుంటారు. రిమోట్ మీట నొక్కితే చాలు, గోడమీద మీ బొమ్మే.

తీరా అమ్మబోతే తెలిసొచ్చింది. మూడు వారాలు చెప్పులరిగేలా తిరిగారు. డ్రైవింగ్ స్కూలాయన "నన్ను పక్కసీట్లో భరించడమే కష్టం, టీవీలో కూడానా?" అన్నాడు. మొక్కల నర్సరీ ఆవిడ అంతా శ్రద్ధగా విని, తలూపి, వీళ్లకే రెండు కుండీలు అంటగట్టి పంపింది.

నాలుగో వారం కోడలు అత్తగారిని మోకాళ్ల డాక్టరు దగ్గర వ్యాయామానికి తీసుకెళ్లింది. నీలంరంగు చాపలూ, కొక్కేలకు వేలాడే రబ్బరు పట్టీలూ, గోడవెంట పట్టుకుని నడవడానికి కడ్డీ. మధ్యలో డాక్టరు గొంతు ఖంగుమంటోంది. "కాలెత్తమంటే కనుబొమ్మలెత్తుతారేంటండీ!"

అందరూ వెళ్లాక ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఇక్కడ బాగానే చేస్తారమ్మా. ఇంటికెళ్తే ఒక్కరూ చెయ్యరు. అడిగితే చేస్తున్నామంటారు. ఆ మోకాలు చూస్తే తెలీదూ నాకు?"

కోడలు రోజూ అప్పజెప్పే అమ్మకం పాఠం పక్కనపెట్టింది. "ఇంట్లో కూడా మీరే ఉంటే?"

"అంటే?"

"టీవీలో. వెల్లకిలా పడుకుని కాలెత్తేటప్పుడు ఫోన్ ఎక్కడ పెట్టుకుంటారండీ? పైగా కళ్లజోడు వెతుక్కోవాలి. టీవీ అయితే ఎదురుగానే ఉంటుంది. రిమోట్ ఎలాగూ వాళ్ల చేతిలోంచి దిగదు."

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. "ఒకటి తీసి చూపించండి. నచ్చితేనే మిగతా మాట."

ఆదివారం పొద్దున్నే కెమెరా నిలబెట్టారు. చూడ్డానికని అత్తగారు కూడా బయల్దేరింది. డాక్టరు కొత్త చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. కెమెరా మీద ఎర్రదీపం వెలగ్గానే మనిషే మారిపోయాడు. "గౌరవనీయులైన ప్రేక్షక మహాశయులకు నమస్కారం. ప్రస్తుతం మనము జానుసంధి యొక్క..." అంటూ నూతిలోంచి మాట్లాడినట్టు మొదలుపెట్టాడు. ఏడుసార్లు తీశారు. ఏడుసార్లూ అదే గొంతు.

"వదినా, నాకే నిద్రొచ్చేస్తోంది" అని గొణిగింది బుల్లి.

డాక్టరు చెమట తుడుచుకున్నాడు. "నా వల్ల కాదమ్మా. వదిలెయ్యండి."

ఈ ఒక్కటీ పోతే మళ్లీ వీధులెమ్మట తిరగాలి. కోడలు దిక్కుతోచక చుట్టూ చూసింది. మూల కుర్చీలో అత్తగారు ఆవలిస్తోంది.

"అత్తయ్యా, ఓసారి ఇలా వచ్చి చాపమీద పడుకోండి."

"నేనా? టీవీలోనా? తలైనా దువ్వుకోలేదే!"

గొణుక్కుంటూనే పడుకుంది. కాలు జానెడు ఎత్తి దించేసింది. అంతే, డాక్టరు కెమెరా సంగతే మర్చిపోయాడు.

"అదేంటండీ! ఇంతేనా ఎత్తడం?"

"ఇంకెంత ఎత్తాలి? ఫ్యాను తుడవాలా?"

"పదిసార్లన్నాను. ఆరుకే ఆపేశారు!"

"నా లెక్కకి ఎనిమిదైంది."

"మీ లెక్క నా దగ్గర చెల్లదు. మళ్లీ మొదట్నుంచి! మడమ కిందికి నొక్కి, మోకాలు తిన్నగా... అదీ! అలా ఉంచండి!"

బుల్లి ఆపకుండా తీస్తూనే ఉంది. ఇరవై నిమిషాలు ఆ రుసరుసలు సాగాయి. చివరికి అత్తగారు నిజంగానే పది పూర్తిచేసి, ఎవరో మోసం చేసినట్టు చూసింది.

వీడియో చూసుకుని డాక్టరు బిక్కమొహం వేశాడు. "నేనిలా అరుస్తానా?"

కోడలు దాచలేదు. "అరుస్తారండీ. అందుకే వాళ్లు చేస్తారు."

"మా ఆవిడా అంటుంది. కాకపోతే మొదటి ముక్కే" అని ఆయన నవ్వేసి ఛానెల్‌కి ఒప్పుకున్నాడు. వారంవారం వచ్చి పడుకోడానికి అత్తగారూ సరేనంది, ఈసారి తల దువ్వుకున్నాకే తీయాలన్న షరతు మీద.

అలా మొదటి ఛానెల్ మొదలైంది. డాక్టరు దగ్గరికొచ్చేవాళ్ల ఇల్లిల్లూ తిరిగి బుల్లి దాన్ని టీవీల్లో పెట్టి వచ్చింది. వారం తిరక్కుండానే కబుర్లు రాసాగాయి. రిటైరైన లెక్కల మాస్టారు, డాక్టరు తనని చూస్తున్నాడేమోనని టీవీమీద తువ్వాలు కప్పేశాడట. వాళ్లావిడ అది తీసి దాచేసిందట. అత్తగారిని వీధిలో "ఎనిమిది లెక్కపెట్టినావిడ" అంటున్నారు. వారంవారం కెమెరా ముందు కాలెత్తక తప్పక, ఆవిడ ఇప్పుడు మెట్లు కడ్డీ పట్టుకోకుండా ఎక్కుతోంది.

రెండో నెలలో డాక్టరు దగ్గరికి మోకాళ్లనొప్పితో వచ్చే కుట్టుక్లాసుల టీచరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "మావాళ్లకి రెండు చేతులూ బట్టమీదే ఉంటాయమ్మా. ఫోనెలా పట్టుకుంటారు? గోడమీద కనబడితే..."

కోడలు నచ్చజెప్పడానికి ఏమీ మిగలలేదు. బుల్లి అప్పుడే కెమెరా సంచీ భుజానికెత్తుకుంది.

"ఒక్కమాట చెప్పండి" అంది కోడలు. "మీ క్లాసులో మీరెక్కువ తిట్టేది ఎవర్ని?"

టీచరమ్మ తడుముకోలేదు. "మా తోటికోడల్ని."

"ఆదివారం ఆవిడ్ని కూడా రమ్మనండి."