జాబితాలో మిగిలిన పేరు

ఏలూరులో ఉండే పద్మప్రియ తాడేపల్లిగూడెంలో ఒక యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో పనిచేస్తుంది. బయటి ఊళ్ళ నుంచి యూనివర్సిటీ కంప్యూటర్లలోకి రావడానికి ఇన్నేళ్ళూ వాడిన వీపీఎన్ తీసేసి కొత్తది పెట్టారు. ఎనిమిది వందల పైచిలుకు మందిని దాంట్లోకి మార్చే పని ఆమె నెత్తిన పడింది. ఆరు వారాలుగా ఏలూరులో రైలెక్కింది మొదలు ఫోనే.

"ఏవండీ, ఓటీపీ రావట్లేదండీ."

"పాతదే హాయిగా ఉండేది కదండీ, ఎందుకు మార్చారు?"

దెందులూరు దాటేలోపే ముగ్గురికి జవాబు చెప్పేది. చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే మళ్ళీ మోగేది.

పాతది సోమవారం సాయంత్రం ఆపేస్తారనగా ఒక్క పేరు మిగిలింది. సూర్రావు, మండవల్లి. రోజూ పొద్దున్నే నాలుగు నిమిషాలు లోపలికొచ్చి వెళ్తున్నాడు. కొత్తది ఇవ్వాలంటే సిబ్బంది రికార్డులో పేరుండాలి. అతని పేరు లేదు. ఆరా తీస్తే తేలింది: ప్రసాదరావు అనే ప్రొఫెసర్ కొల్లేటి అంచున చేపల చెరువుల మీద ఒక ప్రాజెక్టు చేశారు. అందులో రోజూ చెరువు నీళ్ళ లోతూ ఉప్పదనమూ కొలిచి ఆ అంకెలు పంపే మనిషి సూర్రావు. రెండేళ్ళ కిందట ప్రాజెక్టు ముగిసింది, ప్రొఫెసర్ రిటైరయ్యారు. సూర్రావుకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. అతను పంపే కొలతలు చేరే ఫోల్డరును ఆ తర్వాత ఎవరూ తెరవలేదు.

ఒక్క నొక్కు నొక్కితే పేరు పోతుంది. నొక్కలేక ఫోన్ చేసింది.

"కొత్తది ఎప్పుడిస్తారండీ? నా వల్ల మీకు ఆలస్యం కాకూడదండి" అన్నాడతను.

ఫోనులో చెప్పే విషయంలా అనిపించలేదు. ఆరు వారాల్లో దొరికిన ఒక్క ఆదివారాన్నీ వదులుకుని కైకలూరు బస్సెక్కింది. అక్కణ్ణుంచి ఆటోలో మండవల్లి.

సూర్రావుకి యాభై దాటాయి. చెరువుల మీద కాపలా పని. గట్టు మీది రేకుల షెడ్డులో కుర్చీ తుడిచి వేశాడు. అతని భార్య ముత్యాలమ్మ మజ్జిగ ఇచ్చింది. పద్మప్రియ గ్లాసు పట్టుకునే అంతా చెప్పింది.

అతను చెరువు వైపు తిరిగాడు.

"రెండేళ్ళాండీ?"

"అవునండీ. తప్పు మాదే."

"ఆపమనేదాకా ఒక్కరోజు కూడా మానొద్దన్నారండి సారు. డబ్బులు ఆగినా, తర్వాత కలిపి ఇత్తారనుకున్నానండి. మా అమ్మ పోయిన రోజు కూడా పంపేనండి."

ముత్యాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పద్మప్రియకి ఓదార్చే ఓపిక కూడా లేదు. మజ్జిగ తాగేసి, "ఈ కొలతలు పనికొస్తాయేమో ఇంకొక్కరిని అడిగి చూస్తానండీ. మాట మాత్రం ఇవ్వలేను" అంది.

సోమవారం ఆ ఫోల్డరు పట్టుకుని జంతుశాస్త్రం చెప్పే ఇందుజ దగ్గరికెళ్ళింది. ఇందుజ విసుగ్గానే తెరిచింది. కిందికి జరుపుతూ జరుపుతూ ఆగిపోయింది.

"ఒక్క రోజు కూడా ఖాళీ లేదేంటండీ! తుఫాను రోజుల్లో కూడా ఉంది. ఇలాంటివి మాకెక్కడ దొరుకుతాయి?"

అతని పనికి తాను బాధ్యురాలినని రాసి సంతకం పెట్టింది. దాంతో ఏడాదికి అనుమతి వచ్చింది. జీతం సంగతి డిపార్టుమెంటు మీటింగులో అడుగుతానంది; అవుతుందో లేదో తెలియదంది.

కొత్తదాంట్లోకి రావడం సూర్రావుకి ఫోనులో నేర్పడానికి నలభై నిమిషాలు పట్టింది. మూడుసార్లు పాస్‌వర్డు తప్పు కొట్టాడు. పద్మప్రియ కళ్ళు మూసుకునే మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. చివరికి వచ్చేశానన్నాడు.

"ఇప్పుడు చూత్తారాండీ ఎవరన్నా?"

"ఇందుజ గారని, మేడమ్ ఒకరు చూస్తారండీ."

"సరేనండి." ఫోను పెట్టేయబోతూ అన్నాడు, "మళ్ళీ ఆపేసేటప్పుడు మాత్రం ఓ మాట చెప్పండమ్మా."

"నేనే చెప్తానండీ" అందామె.

అయిదింటికి పాత వీపీఎన్ ఆపేసింది. రైల్లో సీటు దొరకలేదు. తలుపు పక్కన కమ్మీకి ఆనుకుని, ఏలూరు వచ్చేదాకా నిలబడే కునికిపాట్లు పడింది.