గుణదాస కూతురు

మిరపకాయల గుట్ట ముందు పీట వేసుకుని కుసుమావతి తొడిమలు తుంచుతూనే ఉంది. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు చెమటకు తడిసింది. యాభై దాటిన మనిషి. నలుపు, పొట్టి, మెడ కింద ఎప్పుడో నూనె చింది కాలిన మచ్చ. కారానికి చర్మం ఊడి, మళ్లీ వచ్చి, వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. పొద్దెక్కేసరికి లేచి, చేతులకు కొబ్బరినూనె పట్టించింది.

"మళ్లీ గుంటూరేనా, సిలోనమ్మా?" అంది పక్క పీట మీది పుల్లమ్మ.

"మళ్లీ గుంటూరే. ఇయ్యాల పనయ్యేదాకా తిరిగి రాను."

ప్రత్తిపాడులో ఆమె అసలు పేరు ఎవరి నోటా నిలవలేదు. పుట్టింది శ్రీలంకలో, గాలె దగ్గర. కువైట్‌లో ఒకే ఇంట్లో ఆమె వంటమనిషి, నతానియేలు డ్రైవరు. అతన్ని చేసుకుని, అతని వెంట ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. భాష మారింది, కూర మారింది. పాస్‌పోర్టు మాత్రం మారలేదు. ఇప్పుడు నతానియేలు ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడు. అతని ఖాతాలో ఆమె పేరు చేర్చాలంటే పాన్ కార్డు ఉండాల్సిందే అన్నారు బ్యాంకువాళ్లు. "నేనుండగానే ఆ పని కానియ్యి. తర్వాత నువ్వెవరని అడుగుతారు" అన్నాడతను.

గుంటూరు బస్టాండు ఎదుటి సందులో దరఖాస్తులు పంపే కొట్టు అఖిలది. మొదటిసారి ఆధార్ లేదని వెనక్కి పంపింది. రెండోసారి ఇక్కడివాళ్ల ఫారం నింపి పంపితే అది తిరిగొచ్చింది.

"ఈ తిప్పలన్నీ ఎందుకమ్మా? ప్రత్తిపాడులోనే పుట్టానని రాయించి ఆధార్ తీసుకుంటే అయిపోద్దిగా. మీ మాట వింటే ఎవరికి అనుమానం వస్తది?" అంది అఖిల.

"పుట్టింది అక్కడ కాదుగా. ఉన్నదే రాయి. బయటి దేశపోళ్లకి వేరే ఫారం ఉందని వీసా కోసం పోలీసాఫీసుకెళ్తే చెప్పారు. అది తియ్యి."

అఖిల విసుక్కుంటూనే వెతికింది. ఫారం దొరికింది. పాస్‌పోర్టు చూసి ఒక్కో గడీ నింపుతూ ఆగింది.

"తండ్రి పేరు చెప్పండి."

"నతానియేలని రాయి. అన్నిట్లో అదే ఉంటది."

"భర్త పేరు కుదరదమ్మా. తండ్రిదే కావాలి."

కుసుమావతి బల్ల మీది పాస్‌పోర్టు తన వైపుకు లాక్కుంది. పరాయి దేశపువాణ్ణి చేసుకున్నానని కువైట్ నుంచి ఫోను చేసినరోజు, నాకు కూతురు లేదని తండ్రి పెట్టేశాడు. ఆ తర్వాత ఆ పేరు ఆమె నోట రాలేదు.

"గుర్తులేకపోతే ఏదో ఒకటి కొట్టేద్దామా?"

"గుర్తులేకేం?" కుసుమావతి కుర్చీ ముందుకు జరుపుకుంది. "గుణదాస. నేను చెప్తా, ఒక్కో అక్షరం కొట్టు."

సంతకం తన భాషలో చేసింది. గుండ్రటి ఆ అక్షరాలను అఖిల తల వంచి చూసింది. "అచ్చం తెలుగులాగే ఉన్నాయే!"

సాయంత్రం నతానియేలుకు గంజి తాగిస్తూ జరిగింది చెప్పింది.

"ఇన్నాళ్లకి మీ నాయన మనింటికొచ్చాడన్నమాట" అని నవ్వబోయి, దగ్గులో పడ్డాడు. ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

నెల తిరక్కుండా కార్డు వచ్చింది. కుసుమావతి, కింద గుణదాస. అదే పూట బ్యాంకుకు వెళ్లి, కదల్లేని మనిషి ఉన్నాడని పట్టుబట్టి, మర్నాడు గుమాస్తాను ఇంటికి రప్పించింది. నతానియేలు చేతిలో పెన్ను నిలవలేదు. గుమాస్తా వేలిముద్ర వేయించుకున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు నతానియేలు.

"అయిపోయింది."

ఆ మర్నాడు పొద్దున ఆమె పొయ్యి మీది నీళ్లు దించి వచ్చేసరికి అతను లేడు.

సమాధి దగ్గర్నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కుసుమావతి మంచం ఎత్తి గోడకు ఆనించింది. కిటికీలో గుమాస్తా మరిచిపోయిన ఇంకు ప్యాడు మూత తెరిచే ఉంది. దాని నడుమ బొటనవేలు నొక్కిన గుంట, ఇంకా తడి ఆరలేదు.