పాఠాలు అన్న ఫోల్డరు

"కంప్యూటర్‌ని అద్దంలా చేసిపెట్టానోయ్, వచ్చి చూడు," అని హాల్లోంచి మా ఆయన కేకేశాడు. నేను పొయ్యి గట్టు తోముతున్నాను. మోచేతులదాకా సబ్బు నురగ. ఈ ఇంట్లో ఆయన శుభ్రం చేసే చోటు అదొక్కటే. తిన్న కంచం సింకుదాకా రాదు, తడి తువ్వాలు మంచం మీంచి లేవదు. ఆదివారం వస్తే మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడో ఉచితంగా దొరికిన చెత్త ఏరే సాఫ్ట్‌వేరు నడిపించి, ఏది ఉండాలో ఏది పోవాలో తీర్పులిచ్చి, బండెడు చాకిరీ చేసినవాడిలా ఒళ్లు విరుచుకుంటాడు. దానికి టీ కూడా అందించాలి.

చేతులు తుడుచుకుని వెళ్లి చూశాను. తెర నిజంగానే బోసిగా ఉంది. మూలన నేను పెట్టుకున్న ఫోల్డరు లేదు. దాని పేరు 'పాఠాలు'.

"అదా? పిల్లదాని బడి పాఠాలనుకున్నా. అది హాస్టల్‌కి వెళ్లిపోయింది కదా, ఇంకా ఎందుకని తీసేశా. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేశా," అన్నాడు, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూస్తూ.

పాఠాలు మా అమ్మాయివి కావు. నావి. రేపటినుంచి మా వీధి చివర లైబ్రరీలో మధ్యాహ్నంపూట ఆడవాళ్లకి కంప్యూటర్ నేర్పడానికి ఒప్పుకున్నాను. నాకెవరూ నేర్పలేదు. అందరూ బయటికెళ్లాక, ఎక్కడ పాడవుతుందోనని గుండె పీచుపీచుమంటుంటే ఒక్కో మీటా నొక్కి నేర్చుకున్నాను. పొరపాటు చేస్తే కంట్రోల్, జడ్ కలిపి నొక్కి వెనక్కి ఎలా రావాలి, అక్షరాలు ఆనకపోతే ఎలా పెద్దవి చేసుకోవాలి, ఫైలు ఎక్కడ దాచామో మర్చిపోతే ఎలా వెతకాలి, ఉచితంగా వచ్చే సాఫ్ట్‌వేర్లలో ఏది పనికొచ్చేది, ఏది ఇంట్లోకి దూరే దొంగ, ఇదంతా బొమ్మలతో సహా నా మాటల్లో రాసుకున్నాను. అవి చేతిలో లేకుండా పదిమంది ముందు నోరు తెరిచే ధైర్యం నాకు లేదు.

ఈ క్లాసు సంగతి ఆయనకి చెప్పాను. "మంచిదే, కాలక్షేపం," అన్నాడు కూడా. అయినా పాఠాలు అన్న మాట చూడగానే ఆయనకి నేను గుర్తురాలేదు. ఈ ఇంట్లో ఏ పాఠమైనా నేను నేర్చుకోవాల్సిందే తప్ప, నేను చెప్పేది ఒకటుంటుందని ఆయన బుర్రకి తట్టలేదు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పోట్లాడటం తేలికయ్యేది.

"సరేలే, మళ్లీ రాసుకో. నీ తలలోనే ఉందిగా అంతా," అంటూ సినిమా దించుకోవడానికి మౌసు పట్టుకున్నాడు.

తీసేసిన ఫైలు వెంటనే మాయమైపోదు. ఆ చోటు ఖాళీ అని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది, అంతే. మా పాత డబ్బాలోనైతే, ఇంకోటి వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాతది లోపలే పడి ఉంటుంది. అంత సినిమా వచ్చి కూర్చుందంటే నా పాఠాలు నలిగిపోతాయి.

"లేవండి," అన్నాను.

టీ పెట్టానేమో అనుకున్నాడు పాపం, నవ్వాడు.

"కుర్చీలోంచి లేవండి. నేను చెప్పేదాకా దీంట్లో ఎవరూ ఏదీ దించొద్దు."

నాలుగు ముక్కల కోసం ఇంత రాద్ధాంతమా అన్నాడు. నేను గోడ దగ్గర స్విచ్చు ఆపేశాను. కరెంటు తీగలు రెండూ పీకేశాను. డబ్బాదీ తెరదీ ఒకేలాంటివి; ఒకటి వదిలితే డబ్బాకి తగిలించేస్తాడు, తెర వెలగకపోయినా అది లోపల ఏదో ఒకటి రాసుకుంటుంది. రెండూ చుట్టి, పెన్‌డ్రైవుతో కలిపి హ్యాండ్‌బ్యాగులో కుక్కాను.

"అమ్మాయ్, మరి వంటో?" అంది అత్తయ్య కిటికీ పక్క కుర్చీలోంచి.

"పొయ్యి తోమిపెట్టాను అత్తయ్యా. వెలిగించుకోవడమే తరువాయి."

"కరెంటు తీగలు బ్యాగులో వేసుకుని వీధినపడే పెళ్లాం ఎవరికైనా ఉంటుందా?" అన్నాడు ఆయన.

"మీకుంది," అని చెప్పులేసుకున్నాను.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఉచితంగా దొరికేదంటే మనుషులకి ఎంత చులకన! ఉన్నన్నాళ్లూ దాని పేరు కూడా పట్టించుకోరు. ఆగిపోయిన రోజున మాత్రం ఇల్లంతా గగ్గోలు. పోయిన ఫైళ్లని వెతికి తెచ్చే సాఫ్ట్‌వేరు కూడా ఉచితమే. ఎవరో ఎక్కడో కూర్చుని ఊరికే రాసిపెట్టారు. నేను ఇంట్లో చేసేదీ ఊరికేనే. తేడా ఏమిటంటే దాన్ని చేసినవాళ్ల పేరు అక్కడ రాసి ఉంటుంది.

లైబ్రరీ ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. లైబ్రేరియన్ ఆవిడ నా బ్యాగులోంచి వేలాడుతున్న తీగని చూసి, "పామునేమన్నా పట్టుకొచ్చారా?" అంది. సంగతి విని నవ్వడం మానేసింది. తన కంప్యూటర్ దగ్గర నాకు చోటిచ్చింది. దాని పాస్‌వర్డు కొడుతూ, మొగుడికి తెలియని పాస్‌వర్డు తనకి ప్రపంచంలో ఇదొక్కటేనంది. ఆ సాఫ్ట్‌వేరుని పెన్‌డ్రైవులోకి దించుకుని ఇంటికి పరిగెత్తాను.

ఇంట్లో ఆయన మూతి ముడుచుకుని ఉన్నాడు. పైవాటావాళ్లని తీగ అడగడానికి లేచాడట. అత్తయ్య ఆపిందట. "నా కుట్టుమిషను సొరుగు మీ మావగారు ఇలాగే శుభ్రం చేసేవారు," అంది నాతో మెల్లగా. "గుండీలు, దారాలు, నేను గీసుకున్న నమూనాలు, అన్నీ చెత్తే ఆయనకి. నాకు తీగ పీకాలని తట్టలేదు."

ఆ ముసలామె గొంతులో అంత కసి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తీగలు మళ్లీ తగిలించి, పెన్‌డ్రైవులోంచే సాఫ్ట్‌వేరు నడిపాను, డిస్కు మీద ఏదీ పడకుండా. అది చాలాసేపు గాలించింది. ఫైళ్లు పేర్లు పోగొట్టుకుని, అంకెలు తగిలించుకుని ఒక్కొక్కటే తేలాయి. తెరిచి చూసి, నావైతే పెన్‌డ్రైవులోకి లాగాను. ఆయన ఎప్పుడొచ్చాడో నా వెనక నిలబడి చదువుతున్నాడు.

"ఇదంతా నువ్వే రాశావా? నాకు చెప్పొచ్చుగా."

"చెప్పాను. మీరు కాలక్షేపం అన్నారు."

ఆయన లోపలికి వెళ్లాడు. కాసేపటికి వంటింట్లో లైటరు టిక్కుటిక్కుమన్న చప్పుడు, మంట అంటుకోక మళ్లీ మళ్లీ. నేను లేవలేదు.

ఇన్నేళ్లుగా ఆ కంప్యూటర్లో ఆయన పేరొక్కటే ఉంది, మేమంతా ఆ పేరు మీదే తెరుస్తున్నాం. ఆ సాయంత్రం నా పేరుతో ఇంకో ఖాతా తెరిచి, దానికో పాస్‌వర్డు పెట్టాను. ఆయన తను కలిపిన టీ పట్టుకొచ్చి చూశాడు. "మనిద్దరి మధ్య పాస్‌వర్డేంటి?" అన్నాడు. కోపం లేదు గొంతులో, బెంగ ఉంది.

"మీ వైపు మీ ఇష్టమొచ్చినట్టు ఊడ్చుకోండి," అన్నాను. "ఇటు నేను ఊడ్చుకుంటాను." టీ నీళ్లలా ఉంది. తాగాను.

అన్నీ వచ్చాయి గానీ మొదటి పాఠం తెరుచుకోలేదు. మౌసు ఎలా పట్టుకోవాలో, తెర మీద ఏది ఏమిటో అందులో ఉండేది. దాన్ని మళ్లీ రాయలేదు. రేపు వచ్చే ఒక్కొక్కరి చేతా ముందు తన సొంత పేరు టైపు చేయిస్తాను. దాని కింద, ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేని మాట ఒకటి పెట్టిస్తాను. మౌసు సంగతి ఆ తర్వాత.