క్రూమ్ స్వెట్టర్

మెతోది కిటికీ పక్కన కూర్చుని మేజోడు మడమ దగ్గర అల్లిక మలుపు తిప్పుతున్నాడు. నాలుగు కుట్లకు ఊపిరి లోపలికి, ఆరు కుట్లకు బయటికి. లెక్క తప్పితే దగ్గు వస్తుంది, దగ్గు వస్తే కుట్లు జారతాయి. అందుకని తొందరపడడు.

అరవై ఆరేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు పెర్నిక్ బొగ్గుగనిలో పనిచేశాడు. వేళ్ల కణుపుల మీద, చర్మం లోపల, బొగ్గు నలుసులు నీలిచుక్కలై ఉండిపోయాయి. ఆ మొద్దువేళ్ల మధ్య ఐదు సన్నటి సూదులు చప్పుడు లేకుండా కదులుతాయి. ఊపిరితిత్తులు చెడి శానటోరియంలో పడి ఉన్నప్పుడు, అక్కడ దుప్పట్లు ఉతికే ఆవిడ నేర్పిన పని అది. "అలా పైకప్పు చూస్తూ పడుకుంటే అది మీద పడుతుందయ్యా. ఇదిగో, పట్టు" అంది. గనిలో పనిచేసినవాడికి ఆ మాట బాగా ఎక్కింది.

ఇల్లు ఐదో అంతస్తు. లిఫ్టు లేదు. పెళ్లి చేసుకోలేదు. మూడు చలికాలాలుగా అతను కిందికి దిగలేదు. పొద్దున్నే తాడుకు సంచీ కట్టి బాల్కనీలోంచి వదులుతాడు. కిందివాళ్లు వేసే రొట్టె, పెరుగు, ఎవరివో పాత స్వెట్టర్లు పైకి వస్తాయి. వాటిని విప్పి, ఆ ఊలుతోనే మేజోళ్లు అల్లి అదే సంచీలో దించుతాడు. ఆ మెట్ల వెంట ఉన్న ఇళ్లలో పిల్లాజెల్లా అందరి పాదాల కొలతలూ అతనికి తెలుసు. కొందరి ముఖాలే మరిచిపోయాడు.

ఆ రోజు సంచీ ఖాళీగా వచ్చింది. కాసేపటికి తలుపు తోసుకుని, రొప్పుతూ, రెండో అంతస్తు రాయినా వచ్చింది. చంకలో రొట్టె, చేతిలో కాగితం పొట్లం.

"బతికే ఉన్నావా అన్నయ్యా?"

"నువ్వు మెట్లెక్కే చప్పుడుకి పోయే ప్రాణం కూడా ఆగి చూస్తోంది. కూర్చో."

ఆమె కూర్చోలేదు. పొట్లం బల్ల మీద పెట్టి విప్పింది. ముదురాకుపచ్చ స్వెట్టర్, మోచేతుల దగ్గర అతుకులు.

"ఆయనది. బీరువా తెరిచినప్పుడల్లా ఎదురుగా ఇదే. దీన్ని ఏం చేస్తావో చెయ్. నేను చూస్తే పోల్చుకోకూడదు, అంతే."

మెతోది స్వెట్టర్ ముట్టుకోలేదు. పద్నాలుగేళ్లు ఒకే షిఫ్టులో, ఒకే దీపం వెలుగులో రాయినా భర్త క్రూమ్‌తో కలిసి తవ్వాడు. మెతోది శానటోరియం నుంచి వచ్చాక, ఆ క్రూమ్ ఒక్కసారీ పైకి రాలేదు. రోజూ సాయంత్రం అతని అడుగులు రెండో అంతస్తు దగ్గర ఆగిపోవడం మెతోది వింటూనే ఉండేవాడు. మొన్న ఆకురాలు కాలంలో క్రూమ్ పోయాడు, ఆ అడుగులూ ఆగిపోయాయి.

"మూడంతస్తులు ఎక్కలేకపోయాడు నీ మొగుడు" అన్నాడు.

"ఎక్కాడు." రాయినా కిటికీ వైపు తిరిగింది. "అడుగు చప్పుడు కాకుండా నాలుగో అంతస్తు దాకా వచ్చేవాడు. అక్కడ నిలబడితే నీ దగ్గు వినబడేది. వెనక్కి వచ్చేసేవాడు."

"అంటుకునే దగ్గు కాదని తెలీదా వెధవకి?"

"తెలుసు. ఆయనకీ అదే మొదలైంది. నువ్వు దగ్గుతుంటే తన సంగతే వింటున్నట్టుందనేవాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

మెతోది సూదులు పక్కన పెట్టాడు.

"కాలు కొలత ఎంత నీది?" అని అడిగాడు.

"ముప్పై ఎనిమిది. ఇన్నేళ్లూ నీ మేజోళ్లే తొడుక్కున్నాను కదా, మతిపోయిందా?"

"రొట్టె అక్కడ పెట్టి పో. కింద నీ పొయ్యి మీద సూప్ మాడిపోతుంది."

ఆమె వెళ్లాక స్వెట్టర్ ఒళ్లో వేసుకున్నాడు. మెడ దగ్గర ముడి వెతికి, కత్తెరతో తెంపి, కొస లాగాడు. వరసలు ఒక్కొక్కటే విడిపోయాయి. భుజాలు పోయాయి, రొమ్ము పోయింది. మధ్యాహ్నం తినడం మరిచాడు. ఉంగరాలు తిరిగిన ఊలును కుర్చీ వీపుకి చుట్టి, తీసి వదులు చుట్టలా, చిలపగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో వేశాడు. నీళ్లు నల్లబడ్డాయి. పారబోసి మళ్లీ పట్టాడు. మళ్లీ నలుపే. గని మూతపడి ఏళ్లయింది.

"ఒరే క్రూమ్," అన్నాడు పైకే, "ఎంత మోసుకొచ్చావురా."

నాలుగోసారికి నీళ్లు తేటపడ్డాయి. చిలపను బాల్కనీ తీగకు వేలాడదీసి, ఉంగరాలు సాగడానికి కింద ఇస్త్రీపెట్టె కట్టాడు. అంత పనికే ఆయాసం వచ్చింది. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎండ ఇంకా గోడ మీదే ఉంది. చేతిలో సూదులు లేకుండానే లెక్కపెట్టుకున్నాడు. నాలుగు లోపలికి, ఆరు బయటికి. నాలుగు లోపలికి.

మర్నాడు పొద్దున సంచీ దిగలేదు. రాయినా కింద నుంచి రెండుసార్లు కేకేసి, పైకి వచ్చింది. కుర్చీలో ఉన్న అతని కళ్లు మూసి, కిందికి వెళ్లి మనుషుల్ని పిలుచుకొచ్చింది. నలుగురు మగవాళ్లు అతన్ని కుర్చీతో సహా ఎత్తి, మలుపు మలుపుకీ ఆగుతూ, ఐదంతస్తులూ దించారు.

బాల్కనీలో ఆకుపచ్చ చిలప ఆరిపోయింది. ఇస్త్రీపెట్టె బరువుకి ఉంగరాలన్నీ సాగి, ఊలు కొత్తదానిలా తిన్నగా వేలాడుతోంది.